రెండు తాళాల గోడౌను గాలి

గాలిలో తిరిగే బూజును లెక్కపెట్టడం నా ఉద్యోగం. ముప్పై ఏళ్ళకు పైగా అదే చేసి రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మొన్న ఒకమ్మాయి అడిగింది, "మేడమ్, సర్వీసులో మీరెప్పుడైనా భయపడ్డారా?" అని. ఏ మేడ మీది నుంచో జారిపడిన కథ చెబుతాననుకుంది కాబోలు. నేను మాట తప్పించి కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళాను. ఆ పిల్ల వెళ్ళిపోయాక నా మీద నాకే చిరాకు వేసింది. అందుకని ఇది మీ అందరి కోసం రాస్తున్నాను.

నా మొదటి పోస్టింగు ప్రొద్దుటూరు. ఊరి గాలిలో ఏయే బూజు రేణువులు ఏ కాలంలో ఎగురుతాయి, ఉబ్బసం ఉన్నవాళ్ళకు వాటిలో ఏవి పడవు అన్నది మూడేళ్ళపాటు చూడాలని ఒక కాలేజీ వృక్షశాస్త్రం వాళ్ళు పథకం పెట్టుకున్నారు. కోస్తా నుంచి వచ్చిన ప్రొఫెసరు గారు దానికి పెద్ద. ఆయన నెలకోసారి వచ్చి చూసి పోయేవారు. రోజువారీ పనికి నేను, ఒక అటెండరు. ఆయనకు మా నాయన వయసు. ఉద్యోగంలోకి రాకముందు కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. అందరూ చాచా అని పిలిచేవాళ్ళు, నేనూ అదే పిలుపు.

ఊరి నడుమ రెండంతస్తుల మేడ పైన మా యంత్రం. అది మోటారుతో గాలి పీల్చుకుంటుంది. లోపల ఒక గుండ్రటి డ్రమ్ము, దాని చుట్టూ జిగురు పూసిన టేపు. డ్రమ్ము గడియారంలా నెమ్మదిగా వారానికొక చుట్టు తిరుగుతుంది. గాలిలో ఉన్నదంతా టేపుకు అంటుకుంటుంది. ఆ టేపును రోజుకొక ముక్కగా కోసి, గులాబీ రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే ఏ రోజు ఏ గంటకు ఏ రేణువు వచ్చిందో తెలిసిపోతుంది. యంత్రం గురించి ఇంతకుమించి చెప్పను. ఇక్కడికి ఇది చాలు.

మండలాలు కొత్తగా ఏర్పడిన కాలమది. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోండి, పులివెందుల పోండి, దారిలో ప్రతి ఊరూ రెండు పార్టీలుగా చీలి ఉండేది. గోడ మీది రంగు చూసి అది ఎవరి వీధో చెప్పేవాళ్ళం. మాది వేంపల్లె దగ్గర గొర్లు మేపుకునే ఇల్లు. ఏ పార్టీ వాళ్ళు ఏం అడిగినా మా నాయన "నేను చూళ్ళేదప్పా" అని మంద తోలుకుని పోయేవాడు. ఆ ఒక్క మాటతోనే మా ఇంటిల్లిపాదీ బతికాం. నేనూ అదే నేర్చుకుని ఉద్యోగానికి వచ్చాను.

వారానికోసారి డ్రమ్మును ఒక గుండ్రటి రేకు డబ్బాలో పెట్టుకుని, కుదుపు తగలకుండా రెండు చేతులతో పట్టుకుని ల్యాబు దాకా నడవాలి. ఆ రోజుల్లో ప్రొద్దుటూరు బజారులో గుండ్రటి డబ్బాను అంత భద్రంగా పట్టుకుని నడిచే మనిషిని చూస్తే జనం ఏమనుకుంటారో నాకు తట్టలేదు. రెండో వారమే ఎవరో "బాంబు!" అని అరిచారు. నిమిషంలో షట్టర్లన్నీ దిగిపోయాయి. నడిరోడ్డు మీద నేనొక్కదాన్నే మిగిలాను. డబ్బా కింద పెడితే పేలుతుందని వాళ్ళ భయం. పెట్టకపోతే ఎవరు ఏ మూల నుంచి రాయి విసురుతారోనని నా భయం. చివరికి చాచా పరుగున వచ్చి మూత తీసి నలువైపులా చూపించాడు. మరుసటి వారానికి ఆ డబ్బాకు గాజు మూత బిగించి ఇచ్చాడు.

"అందరికీ కనపడేటట్ల పట్టుకొని పో బేటీ," అన్నాడు.

ఇంకొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ముగ్గురు మనుషులు మేడెక్కి వచ్చారు. నేనప్పుడు టేపు మారుస్తున్నాను. వాళ్ళలో పెద్దవాడు యంత్రం చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏంది మా ఇది? కెమెరానా?"

"కాదన్నా. గాలిలో బూజు పట్టే మిషను."

"పట్టి ఏం చేస్తారు?"

"లెక్కపెడతాం."

"బూజు లెక్కపెట్టేకి మనిషిని పెట్టినారంట్రా!" అని వెనకున్న ఒకడు పకపకా నవ్వాడు. పెద్దవాడు నవ్వలేదు. గాలి పీల్చే సందు దగ్గర అరచెయ్యి పెట్టి చూశాడు. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా చెప్పాడు. "చూడు మా. ఆడమనిషివి కాబట్టి మంచిగ చెప్తాండా. ఈ ఊరి గాలిలో ఏం దొరికితే అది రాసుకో. ఎవురి పేరు మాత్రం రాయగాకు."

వాళ్ళు ఏ పార్టీయో ఈనాటికీ నాకు తెలియదు. వాళ్ళు దిగిపోయాక ఆ టేపు మార్చడానికి నాకు గంట పట్టింది.

వానలు మొదలయ్యాక మైక్రోస్కోపు కింద ఒక కొత్త సంగతి కనిపించింది. పొలాల మీది నుంచి మామూలుగా వచ్చే రేణువులు పెద్దవి, భీముడి గదల్లాగా ఉంటాయి. ఇవి చిన్నవి, గుండ్రటివి, గొలుసులు గొలుసులుగా ఉన్నాయి. పడమటి గాలి వీచిన గంటల్లోనే వస్తున్నాయి, రోజురోజుకూ పెరుగుతున్నాయి. మేడ మీద మూత తెరిచి పెట్టిన గాజు పళ్ళాల్లో నాలుగు రోజులకు పసుపు, ఆకుపచ్చ కలిసిన బూజు దట్టంగా మొలిచింది. ప్రొఫెసరు సారు వచ్చి చూశారు.

"వేరుశనగ కాయలు తడిసి కుళ్ళితే పట్టే బూజమ్మా ఇది. పడమటి వైపు, బాగా దగ్గర్లో, ఎక్కడో పెద్ద ఎత్తున కాయలు కుళ్ళుతున్నాయి. ఎక్కడో కనుక్కోండి. కలెక్టరు గారికి ఒక కాగితం పెట్టేద్దాం," అని ఆ పూట బస్సుకే వెళ్ళిపోయారు. కాగితం పెట్టడం అంత తేలికనుకున్నారు ఆయన.

కనుక్కోవాల్సిన పని లేకపోయింది. మెట్లు దిగుతూ చాచానే చెప్పాడు. "ఇంగేముంది బేటీ, రెండు తాళాల గోడౌను."

అది బావ, బావమరిది కలిసి కట్టిన గోడౌను. బావది పెద్దముడియం దగ్గర ఊరు, బావమరిదిది పులివెందుల పక్క ఊరు. ఇద్దరూ కలిసి వేరుశనగ వ్యాపారం చేశారు. ఎన్నికలొచ్చి చెరొక పార్టీలోకి చేరారు. ఒక రోజు ఆ గోడౌను వాకిట్లోనే బావ మనిషిని నరికి చంపారు. నెల తిరగకుండా అదే వాకిట్లో బావమరిది మనిషిని చంపారు. అప్పుడు బావ వచ్చి తలుపుకు తాళం వేశాడు. బావమరిది వచ్చి దాని పక్కనే ఇంకో తాళం వేశాడు. లోపల వందల బస్తాల కాయలు అలాగే ఉండిపోయాయి. గాలివానకు పైన రేకులు ఎగిరిపోతే వాన నేరుగా బస్తాల మీద కురిసింది. ఏ తాళం జోలికి పోయినా వాడు అవతలి పార్టీ మనిషని లెక్క. మునిసిపాలిటీ వాళ్ళు కూడా ఆ వీధిలో తల వంచుకుని నడిచేవాళ్ళు. చాచా ఇల్లు ఆ గోడౌను పక్క గోడను ఆనుకునే ఉంది.

మా లెక్కల కాగితంలో ఒక్కో రకం రేణువుకు ఒక గడి ఉంటుంది. చిట్టచివరి గడి 'గుర్తు తెలియనివి'. మరునాడు నేను ఆ గుండ్రటి రేణువులన్నిటినీ తీసుకెళ్ళి ఆ గడిలో వేశాను. గాజు పళ్ళాలు కడిగేశాను. "మళ్ళీ కనబడలేదు సార్" అని సారుకు ఉత్తరం రాశాను. అలా మూడు వారాలు రాశాను. అంకెలు మార్చలేదు, పేరు ఒక్కటే తీసేశాను, అది అబద్ధమెలా అవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. నచ్చజెప్పుకోవడంలో నాకు మంచి తెలివితేటలుండేవి.

చాచా స్లయిడ్లు తుడుస్తూ ఒక రోజు అడిగాడు. "బేటీ, నాకు తెలుగు చదవను రాదు. గళ్ళు మాత్రం తెలుస్తాయి. ముందర ఈ గడిలో రాసేదానివి. ఇప్పుడు ఆ చివర గడిలో రాస్తాండావు. ఎందుకు?"

"అవి ఏవో తెలియడం లేదు చాచా."

ఆయన స్లయిడ్లు తుడవడం పూర్తిచేసి, వరసగా పేర్చి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి గురువారం పొద్దున చాచా పక్కింటామె ల్యాబుకు పరుగెత్తుకొచ్చింది. మేమిద్దరం వెళ్ళేసరికి చాచా భార్య మంచం అంచున కూర్చుని ఉంది. ఆమె ఇంట్లో మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. ఆ కండెలన్నీ నేల మీద దొర్లుతున్నాయి. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, భుజాలు పైకెత్తి, గాలి కోసం నోరు తెరుస్తోంది. ఛాతీలోంచి ఈల లాంటి శబ్దం. పెదవులు నల్లబడ్డాయి. ఆమె చూపు నా మీద పడింది. నేను తల తిప్పుకున్నాను. తిప్పుకున్నచోట కిటికీ ఉంది. కిటికీ గట్టు మీద సన్నటి పచ్చటి పొడి. వేలితో రాస్తే అంటుకుంది.

రిక్షాలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. సూది మందుతో కాసేపటికి ఊపిరి తిరిగింది. డాక్టరు నన్ను బయటికి పిలిచాడు. "ఆ వీధి నుంచే దినామూ నలుగురు వస్తాండారు. ఈమెను మళ్ళా ఆ ఇంట్లోనే పెడితే ఈసారి నా దాకా రాదు. గాలిలో ఏముందో మీరు లెక్కపెడతారంట గదా, ఏముందమ్మా?"

"చూస్తున్నాం సార్," అన్నాను. అప్పుడు కూడా అదే మాట.

చాచా వరండాలో నేల మీద కూర్చుని ఉన్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. "అవేంటో నాకు తెలుసు చాచా. మొదట్నుంచీ తెలుసు. భయపడి వేరే గడిలో రాశాను."

"నాకూ తెలుసు బేటీ. నేనూ భయపడే గట్టిగా అడగల్యా," అన్నాడు.

కలెక్టరుకు కాగితం పెడితే అది తిరిగి వచ్చేసరికి నెలలు పడుతుంది. పోలీసులతో పగలగొట్టిస్తే ఏ పార్టీ పగలగొట్టించిందని ఇంకో తల తెగుతుంది. "వేసినోళ్ళే తీయాల," అన్నాడు చాచా. "బావ పెండ్లామంటే ఎవురనుకున్యావు? ఆ బావమరిదికి సొంత చెల్లెలు. ఆయమ్మతో మాట్లాడదాం పా."

చాచా భార్యను మైదుకూరులో వాళ్ళ అక్క ఇంట్లో దించి, మంగళవారం మేమిద్దరం జమ్మలమడుగు మీదుగా బయలుదేరాం. నా సంచిలో ఒక గాజు పళ్ళెం ఉంది. ఆ కిటికీ గట్టు పొడి నుంచి మొలిపించిన బూజు దాంట్లో. బస్సు దిగిన దగ్గర నుంచి బావ ఇంటి దాకా నడిచినంతసేపూ మా వెనక ఇద్దరు నడుస్తూనే ఉన్నారు. వాకిట్లో సంచి తిప్పి బోర్లించారు. పళ్ళెం చూసి ఒకడు రెండడుగులు వెనక్కి వేశాడు. చాచాను అక్కడే నిలబెట్టి నన్ను ఒక్కదాన్నే లోపలికి పంపారు. వచ్చిన పనేమిటో చెప్పడానికి మూడుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది.

బావ భార్యకు నలభై ఏళ్ళుంటాయి. వంటింటి వసారాలో కూర్చుని, పళ్ళెం చేతిలోకి తీసుకుని, వెలుతురులో తిప్పి తిప్పి చూసింది.

"ఇది మా శెనిక్కాయల్లోదా?"

"అవునమ్మా."

"ఇది పీలిస్తే సస్తారా?"

"ఊపిరాడకపోతే చస్తారమ్మా. ఒకామె మొన్న దగ్గరదాకా పోయి వచ్చింది."

ఆమె పళ్ళెం కింద పెట్టింది. "మా ఆయప్ప సంగతి నాకు విడిచిపెట్టు. మా అన్న కాడికి నువ్వే పోవాల. నేను పోలేను. మా అమ్మ సచ్చిపోతే నన్ను రానీల్యా. ఊరి పొలిమేరల్లో జీపు నిలబెట్టి వెనక్కి పంపినారు. దాని గురించి నేను ఏమీ అడగనని చెప్పు. ఈ తలుపొకటి తీయమని మాత్రం అడుగుతాండానని చెప్పు."

ఆ మాట మోసుకుని పులివెందుల వైపు వెళ్ళడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఒక రోజు బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. జ్వరమని చాచాకు చెప్పాను. ఆయన నమ్మినట్టు నటించాడు. రెండో రోజు ఆయనే ఇంటికి వచ్చి బస్సెక్కించాడు.

ఆమె అన్నగారు వేప నీడలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. చుట్టూ మనుషులు. బూజు గురించి నేను చెప్పినదేదీ ఆయన చెవికెక్కినట్టు లేదు. చెల్లెలి మాట చెప్పాను. చుట్టూ ఉన్నవాళ్ళు కదలడం మానేశారు. ఆయన తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"అమ్మ గురించి ఏమీ అడగనన్యాదా?"

"అడగనని చెప్పమన్నారు."

"సరే. రెండు పక్కలా పదిమంది. కత్తీ గిత్తీ ఏమీ ఉండకూడదు. పట్టపగలు. ఇంగొకటి." నా వైపు చూశాడు. "అవతలోళ్ళు లోపల బాంబులు పెట్టినారని మావోళ్ళంటారు. మేం పెట్టినామని వాళ్ళంటారు. మొదట లోపలికి నువ్వు పోవాల."

కాదంటే తలుపు తెరుచుకోదు. సరేనన్నాను. తిరుగు ప్రయాణంలో వేంపల్లె వచ్చినప్పుడు బస్సు దిగి మా ఇంటికి పారిపోదామనుకున్నాను. దిగలేదు. అది ధైర్యం కాదు, కాళ్ళు కదల్లేదు, అంతే.

అనుకున్న రోజు పదిగంటలకు వీధంతా ఖాళీ చేయించాం. ఈ చివర ఒక జీపు, ఆ చివర ఒక జీపు. ఇటు పదిమంది, అటు పదిమంది, ఒకరి చేతుల వైపు ఒకరు చూస్తూ. బావ తన తాళం తీశాడు. బావమరిది తన తాళం తీశాడు. ఇద్దరూ వెనక్కి జరిగారు. చాచా తడిగుడ్డ నా ముక్కుకూ నోటికీ కట్టాడు. ముడి వేస్తుంటే ఆయన చేతులు నా మెడకు తగిలాయి, మంచులా ఉన్నాయి.

లోపల చీకటి. పైన ఎగిరిపోయిన రేకుల సందులోంచి ఒక వెలుతురు పట్టీ, దాంట్లో పచ్చటి పొగలా తేలుతున్న రేణువులు. బస్తాలు చివికి కాయలు నేలంతా పరుచుకున్నాయి. అడుగు వేస్తే కింద ఏదో పటుక్కుమంది. అక్కడే నిలబడిపోయాను. కళ్ళు మూసుకున్నాను. ఏమీ కాలేదు. అది కాయ. ప్రతి అడుగూ పటుక్కుమంటూనే ఉంది, ప్రతి అడుగుకూ నా ప్రాణం పోయి వస్తూనే ఉంది. మూలన ఏదో దొర్లింది. పందికొక్కు. చివరి గోడ దాకా వెళ్ళి దాన్ని చేత్తో తాకి తిరిగి వచ్చాను.

"ఏమీ లేదు," అన్నాను. చేత్తో సైగ చేశాను.

ముందు నీళ్ళు కొట్టమన్నాను, పొడి లేవకుండా. తర్వాత ఇరవైమందీ మూతులకు తడి తువ్వాళ్ళు కట్టుకుని పారలు పట్టారు. సగం పొద్దుకల్లా అందరికీ దగ్గు. ముసుగుల వెనక ఎవరు ఏ పార్టీయో నాకు తెలియలేదు, నీళ్ళ బిందె ఒకటే చేతులు మారింది. అంత దగ్గులోనూ ఎవరూ ఎవరికీ వీపు చూపలేదు. తలుపు వైపు మళ్ళినా ఓరగా తిరిగి నడిచారు. ట్రాక్టర్ల మీద పట్టాలు కప్పి, ఊరి బయట గుంత తీసి పూడ్చేశాం.

చెల్లెలు కూడా వచ్చింది. చాచా ఇంటి అరుగు మీద నిలబడి చూస్తోంది. అన్న ఆమె దగ్గరికి వెళ్ళి ఒక తువ్వాలు తడిపి ఇచ్చాడు. "మూతికి కట్టుకో మా. దుమ్ము," అన్నాడు. ఆమె కట్టుకుంది. వాళ్ళిద్దరి మధ్య నేను విన్న మాటలు అంతే.

ఆ రోజు టేపు లెక్కపెట్టడానికి వీల్లేనంత నల్లగా వచ్చింది. నెల తిరిగేసరికి గుండ్రటి రేణువులు దాదాపు లేవు. చాచా భార్య తిరిగి వచ్చి కండెలు చుట్టింది, వానాకాలం మాత్రం ఆమెకు తిప్పలు పోలేదు. నాకూ ఆ రోజు నుంచి ఉబ్బసం అంటుకుంది, ఇప్పుడు కూడా పక్కన మందు పీల్చే పంపు పెట్టుకునే రాస్తున్నాను.

దాంతో వాళ్ళ కక్షలు ఆగాయని రాస్తే నాకూ బాగుండేది. ఆగలేదు. తర్వాతి ఏడాది వేంపల్లె దారిలో అన్నగారి జీపు మీద బాంబులు వేశారు. ఎవరు వేశారో ఊరందరికీ తెలుసు. శవం దగ్గరికి చెల్లెలు వచ్చిందని, ఈసారి ఎవరూ ఆపలేదని చాచా వచ్చి చెప్పాడు. ఆ రోజు మేం పని చేయలేకపోయాం.

పథకం ముగిసి నివేదిక రాసే రోజు వచ్చింది. ఆ మూడు వారాల కాగితాల దగ్గర సారు ఆగారు. నేను జరిగినదంతా చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఇది బయటపడితే నీ ఉద్యోగం పోతుందమ్మా," అని, ఆ మూడు వారాలకు ఎదురుగా 'యంత్రం పనిచేయలేదు' అని రాశారు. నన్ను కాపాడడానికే. గుమ్మం దగ్గర టీ గ్లాసులతో నిలబడిన చాచా ఏం రాశారని అడిగాడు. చదివి చెప్పాను.

"సార్, నా మిషన్ ఒక్క దినం గూడా నిలబడల్యా," అన్నాడు. ఆయన గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. "వానలో గూడా తిరిగింది. దాని మీద అట్ల రాయగాకండి."

సారు నా వైపు చూశారు. నేను కలం తీసుకుని ఆ వాక్యం కొట్టేసి, 'లెక్కించిన వ్యక్తి భయపడి తప్పు గడిలో నమోదు చేసింది' అని రాశాను. సారు దాంట్లో ఒక్క మాట కొట్టేశారు. శాస్త్రీయ నివేదికలో అలాంటి మాటలు ఉండకూడదన్నారు. ఉద్యోగం పోలేదు. అచ్చులో 'లెక్కించిన వ్యక్తి తప్పు గడిలో నమోదు చేసింది' అని మాత్రం మిగిలింది. చదివినవాళ్ళు ఏదో పరధ్యానంలో జరిగిన పొరపాటనుకుని ఉంటారు.

సారు ఇప్పుడు లేరు. ఆయన కొట్టేసిన మాటను, ఆయన్ను అడగకుండానే, ఇక్కడ తిరిగి రాస్తున్నాను. భయపడి.